అద్దెకిచ్చు గది, విశ్వాసి మనస్సాక్షి



ఈసారి ప్రసంగము వంటిది కాక ఒక ప్రశ్న వ్రాస్తున్నాము. మన యింట ఒక గది ఖాళీగా ఉన్నది. చదువుకొనే పిల్లవాడో పిల్లో వచ్చి అద్దెకు అడిగినప్పుడు మనము వారిని ఏమేమి అడగవచ్చును? ఏమి అడగరాదు? ఇది యింటి యజమాని సొంత వ్యవహారము గదా, సంఘ పత్రికకు దీనితో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. మాకు కూడ ఒకప్పుడు అట్లే తోచినది. మనసు ఎందుకు మార్చుకొన్నామో చెప్పడానికే ఈ మాటలు.

మాహూర్ నాందేడ్ జిల్లాలో, మన ఆదిలాబాదు సరిహద్దుకు దగ్గరలో ఉన్న కొండ ఊరు. 1956 వరకు ఈ ప్రాంతమంతా హైదరాబాదు రాష్ట్రములోనిదే. అందుచేత ఇక్కడ తెలుగు మాట, మరాఠీ మాట, తాండాల గోర్ మాట ఒకే సంతలో వినబడతాయి. ఇక్కడి పిల్లలు పెద్ద చదువుకు పోవాలంటే నూరు కిలోమీటర్లకు పైగా దూరమున్న నాందేడ్‌కు పోవాలి. 1994 సెప్టెంబరు 17న అక్కడ స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయము ఏర్పడినది. అంతకుముందు మా పిల్లలకు ఔరంగాబాదులో 1958లో పెట్టిన మరాఠ్వాడా విశ్వవిద్యాలయమే దిక్కు. నాందేడ్ విశ్వవిద్యాలయము నగరము వెలుపల విష్ణుపురిలో ఉన్నది. 1981 నాటి ఇంజనీరింగు కళాశాల కూడ ఆ విష్ణుపురిలోనే. రోజూ పోయి వచ్చే దూరము కాదు. హాస్టలులో సీటు రాని పిల్లలు గది వెదుక్కోవలసిందే.

2023లో మా సంఘములోని ఒక కూలి కుటుంబపు బిడ్డకు అక్కడ ఎం.ఎస్సీ.లో సీటు వచ్చినది. ఆ యింట డిగ్రీ దాటిన మొదటి బిడ్డ. సీటు వచ్చిన ఆదివారము సంఘమంతా చప్పట్లు కొట్టినాము, ప్రార్థన చేసినాము. హాస్టలు జాబితాలో మాత్రము ఆమె పేరు లేదు. తండ్రికి నగరము క్రొత్త. అందుచేత మేము కూడ వెంట వెళ్లినాము. మూడు రోజులు తిరిగినాము.

మొదటి యిల్లు చక్కగా ఉన్నది. గాలి, వెలుతురు, నీళ్లు, అన్నీ ఉన్నవి. అద్దె మాటలు ముగిసిన తరువాత యజమాని పేరు అడిగినాడు, ఇంటిపేరు అడిగినాడు. అది అర్థము కాక "మీరు ఎవరు?" అని అడిగినాడు. తెలుగువారమన్నాము. "అది కాదు, మీరు ఎవరు?" అన్నాడు. చెప్పినాము. గది నిన్ననే వేరొకరికి మాట ఇచ్చినామని అన్నాడు.

రెండవ చోట ఏమీ అడగలేదు. డిపాజిటు చేతిలో పెడితే చాలునన్నారు. రేకుల షెడ్డు మీద వేసిన గది. కిటికీ లేదు. ఒక్కొక్క గదిలో నలుగురు చొప్పున పన్నెండుమంది ఆడపిల్లలు, అందరికీ ఒకే స్నానాల గది, దాని తలుపునకు లోపలి గొళ్లెము లేదు. బిడ్డ ఏమీ అనలేదు గాని తండ్రి చేయి పట్టుకొన్నది.

మూడవ యిల్లు ఒక విశ్వాసిది. కూటములలో మాతో కూర్చొని పాడిన సహోదరుడు. పైన రెండు గదులు, ఒకటి ఖాళీ. టీ ఇచ్చినారు, ఆప్యాయముగా మాటలాడినారు. గది మాట ఎత్తగానే ఆయన లోపలివైపు చూసి, "ఇంట్ల అడిగి చెప్త అన్నా" అన్నాడు. ఆ రాత్రి ఫోను రాలేదు. మరునాడు రాలేదు. ఇంతవరకు రాలేదు.

తిరుగు బస్సులో మా కోపము ఇంతా అంతా కాదు. ఆ సహోదరుని గూర్చి కమిటీలో ఏమి మాటలాడవలెనో మనసులో వరుసగా పేర్చుకొంటున్నాము. బిడ్డ తండ్రి చాలసేపు కిటికీలోనుండి చూసి, మెల్లగా అన్నాడు: "సారూ, మన నవరాత్రులల్ల ఆ తాండా పిల్లగాన్ని రూము ఖాళీ చేయమన్నం గదా. వాని పెట్టె నేనే మోసిన. ఆ పది దినాలు వాడు ఏడ పన్నడో ఎవరన్న అడిగిన్రా?"

ఆయన మమ్మును ఎత్తిపొడవలేదు. నిజముగానే అడిగినాడు. మా దగ్గర జవాబు లేదు.

సంగతి 2017 నాటిది. మాహూర్ రేణుకాదేవి యాత్రా స్థలము. నవరాత్రులలో జనము వేలకు వేలుగా వస్తారు. త్రోవ ప్రక్కనున్న ప్రతి గదికి రోజుల లెక్కన అద్దె పలుకుతుంది. మా యింటి ముందరి గదిలో తాండా నుండి వచ్చి డిగ్రీ చదువుకొనే ఒక పిల్లవాడు ఉండేవాడు. సమయానికి అద్దె ఇచ్చేవాడు, గొడవ లేదు. ఆ పది రోజులలో వచ్చే సొమ్ము అతడు ఆరు నెలలు ఇచ్చే అద్దెకు సమానము. మేము అతనిని పిలిచి, "బాబూ, పది రోజులు మీ ఊరికి పోయి రా" అన్నాము. పరీక్షలు నెల రోజులున్నవి అన్నాడు. తాండాకు బస్సు లేదు, వానకు త్రోవ చెడినది అని కూడ అన్నాడు. మేము విననట్టు ఊరుకొన్నాము. అతడు పెట్టె తీసుకొని పోయినాడు. పండుగ అయిన తరువాత తిరిగి రాలేదు. చదువుకొనే టేబులు లైటు ఒకటి గూటిలో మరచిపోయినాడు. అది ఇంకా మా యింటనే ఉన్నది.

విగ్రహారాధనను గూర్చి పిల్లలకు బోధించే మేము, ఆ పండుగ డబ్బు కొరకే ఒక విద్యార్థిని బయటికి పంపినాము. దశమభాగము మాత్రము తప్పక ఇచ్చినాము. ఇది వ్రాయుట సులభముగా లేదు. అయినను మన దోషమును ప్రక్కన పెట్టి ఇతరుల దోషమును గూర్చి వ్యాసము వ్రాస్తే అది వ్యాసము కాదు, వేషము.

ఇప్పుడు ప్రశ్నలోనికి వద్దాము.

"ఇల్లు నాది, నా యిష్టము" అనే మాట మొదట వస్తుంది. ఇందులో కొంత నిజమున్నది. మన యింటికి ఎవరిని భోజనమునకు పిలవాలి, ఎవరిని పండుగకు ఉంచుకోవాలి అనేది మన యిష్టమే. ఎవరును బలవంతము చేయలేరు. కాని గోడకు "గది అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు తగిలించిన రోజున మనము ఒక మాట ఇచ్చినవారమవుతాము. ఇంత సొమ్ము ఇచ్చి, ఈ నియమములకు ఒప్పుకొన్న ఎవరికైనను గది ఇస్తాము అని ఆ బోర్డు త్రోవన పోయేవారందరితో చెబుతున్నది. ఆ తరువాత పుట్టుక అడిగి తలుపు వేస్తే, బోర్డు అబద్ధమాడినట్టే. బోర్డు మనదే గనుక అబద్ధము కూడ మనదే.

మాకు తోచిన భేదము ఇది: ఉచితముగా ఇచ్చేది దానము, వెలకు ఇచ్చేది వ్యవహారము. దానములో మనవారికి ముందు చోటు ఇవ్వవచ్చును. వ్యవహారములో అందరికీ ఒకే తూకము ఉండాలి. ధర్మశాస్త్రములో రెండు రకాల తూనికరాళ్లు సంచిలో ఉంచుకొనరాదని ఉన్న ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 25) ధాన్యమునకు మాత్రమే అనుకొంటామా? గదికి కూడ వర్తించదా?

ఇంకొక మాట. భూమి దేవునిదని, మనము ఆయన యొద్ద పరదేశులము, కాపురముండువారము మాత్రమేనని లేవీయకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. ఈ లెక్కన యజమాని అనబడే వాడు కూడ అద్దెకున్నవాడే. పెద్ద యజమాని మనలను ఏ కులమని అడగకుండ ఉండనిచ్చినాడు.

గది నిరాకరణ ఎంత లోతు గాయము చేయునో తెలుపుటకు మన దేశ చరిత్రలో ఒక సంగతి ఉన్నది. డాక్టరు అంబేద్కర్ బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లి, తరువాత లండనులో చదివి, 1917లో బరోడాలో ఉద్యోగమునకు వచ్చినారు. ఊరిలో ఆయనకు ఇల్లు ఇచ్చేవారు లేరు. పారసీల సత్రములో పారసీ పేరు వ్రాయించుకొని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నారు. పదకొండవ రోజున కర్రలు పట్టుకొని మనుషులు వచ్చి ఖాళీ చేయమన్నారు. ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయించినారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. హిందూ స్నేహితుడు, నీవు మా యింటికి వస్తే పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు ఏమన్నాడో మనము తప్పక తెలుసుకోవాలి. తన భార్య రేపు వస్తున్నది, ఆమెను అడిగి చెబుతానన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణులుగా ఉండి క్రీస్తును అంగీకరించినవారని, భర్త మారినను భార్య పాత ఆచారము విడువలేదని అంబేద్కర్ తరువాత తెలుసుకొన్నారు. ఆ సాయంకాలము కమాఠీ బాగ్ తోటలో కూర్చొని, రాత్రి రైలులో బొంబాయికి వెళ్లిపోయినారు. ఈ సంగతులన్నీ ఆయనే తన స్వానుభవములలో వ్రాసినారు.

"ఇంట్లో అడిగి చెబుతాను" అన్న ఆ మాట నూరేళ్లకు పైగా మన మధ్య తిరుగుచున్నది. నాందేడ్‌లో మేము విన్నదీ అదే. బాప్తిస్మపు నీళ్లు వీధి తలుపు వరకు వచ్చి, వంటింటి తలుపు దగ్గర ఆగిపోయిన ఇండ్లు మన సంఘములలో ఎన్ని ఉన్నవో ఎవరికి వారే లెక్కించుకోవాలి. ఇందులో స్త్రీలపై నెపము వేయుట కూడ న్యాయము కాదు. చాలసార్లు "ఇంట్లో అడగాలి" అనేది భర్త తన మనసును భార్య కొంగు చాటున దాచే మాట.

ఇట్లు తలుపులు మూసినందుచేతనే ఎవరి పిల్లలకు వారు వసతులు కట్టుకోవలసి వచ్చినది. కొల్హాపూర్‌లో శాహూ మహారాజు 1901లో మరాఠా విద్యార్థుల వసతిగృహముతో మొదలుపెట్టి ఒక్కొక్క సమాజమునకు ఒక్కొక్కటి పెట్టించినారు. అస్పృశ్యులన్న పిల్లలకు 1908లో మిస్ క్లార్క్ పేరిట వసతిగృహము ఏర్పడినది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము వచ్చిన 1918లోనే రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టలు వచ్చినది. వీటివలన వేలమంది చదువుకొన్నారు, అది మేలే. కాని ఆ మేలు వెనుక ఒక నేరము ఉన్నది. ఊరిలో ఎవరి యింటనైనను ఎవరి బిడ్డయైనను ఉండగలిగితే ఇన్ని వేరువేరు కప్పులు ఎందుకు?

మన చరిత్ర కూడ ఇట్టిదే. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశమునకు వచ్చినది మొదలు, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది వరకు మన పిల్లలకు ఆదివారపు బడిలో చెబుతాము. దాని తరువాతి సంగతి చెప్పము. బాప్తిస్మము పొందినవారి పిల్లలు చదువుకొన్నది మిషను బోర్డింగులలో. ఊరిలో ఎవరు గది ఇస్తారని? మన తాతలలో మొదట ఉపాధ్యాయులు, కాంపౌండర్లు, నర్సులు అయినవారు ఆ బోర్డింగు చాపల మీద పండుకొని చదివినవారే. మనము ఈనాడు పట్టణములలో రెండంతస్తుల ఇండ్లు కట్టుకొన్నామంటే, ఎవరో ఒకరు మన పెద్దలకు పండుకొన చోటిచ్చినందుననే.

ఇప్పుడు మనము తలుపు లోపలివారము. తలుపు బయట ఎవరున్నారు?

మన సొంత పిల్లలే చాలమంది ఉన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అవి వర్తింపజేసినారు. క్రైస్తవులకు వర్తించలేదు. అందుచేత మహారాష్ట్రలో ప్రభుత్వ హాస్టలు దొరకని షెడ్యూల్డు కులముల, నవబౌద్ధ విద్యార్థులకు గది అద్దె, భోజనము కొరకు 2016-17లో మొదలైన స్వాధార్ పథకపు సాయము మన పిల్లలకు అందదు. పేదరికము ఒకటే, ప్రక్క ఊరి బావి దగ్గర విన్న మాట ఒకటే, కాగితము మాత్రము వేరు. వీరికి మనము దానము చేయాలి. సంఘమునకు ఖాళీ గది ఉంటే ఉచితముగా ఇవ్వాలి, లేకపోతే సంఘ నిధిలోనుండి అద్దెలో కొంత భరించాలి. విశ్వాస గృహమునకు చేరినవారికి విశేషముగా మేలు చేయుమని పౌలు గలతీయులకు వ్రాసినది ఇక్కడ వర్తిస్తుంది. కాని ఆ వచనములోనే అందరికీ మేలు చేయుట ముందు వస్తుంది, విశేషముగా అనేది తరువాత వస్తుంది. మనము ఆ వరుస తారుమారు చేసి చదువుతాము.

ఇక అడగవచ్చునవి, అడగరానివి.

మాకు దొరికిన సూత్రము ఒక్కటే: నడవడి అడగవచ్చును, పుట్టుక అడగరాదు. రాత్రి ఎన్ని గంటలకు వస్తావు? త్రాగుడు, పేకాట ఉన్నదా? స్నేహితులు వస్తే ఎంతసేపు ఉంటారు? వంట చేసుకొంటావా, మెస్సులో తింటావా? ఇవన్నీ అడగవచ్చును, నియమము పెట్టవచ్చును. ఆ నియమము మన సంఘ పెద్ద కుమారునికి కూడ అదే కావాలి. యింట ఎదిగిన ఆడపిల్లలున్నారు గనుక గది ఆడపిల్లలకే ఇస్తామనుట న్యాయమైన జాగ్రత్త. "ఆ కులపు పిల్లలు వద్దు, ఆ మతపు పిల్లలు వద్దు" అనేది జాగ్రత్త కాదు. చేయని తప్పుకు ముందే శిక్ష వేయుట.

మాంసము మాట కూడ చెప్పుకొందాము. మన పిల్లలను మాంసము తింటారని వెళ్లగొట్టిన ఇండ్లు ఎన్నో. ఆ బాధ మనకు తెలుసు. అయితే తన వంటింటిలో మాంసము వండరాదనే యజమానిని మేము తప్పు పట్టము, అది అతని పొయ్యి. ఆ పిల్ల బయట ఏమి తిన్నదో ఆరా తీయుట వేరు. మొదటిది నియమము, రెండవది కులము అడుగుటకు దొడ్డి త్రోవ.

"మన యింట ఉంటే ప్రార్థనకు రావాలి" అని షరతు పెట్టవచ్చునా? మంచి మనసుతోనే కొందరు పెడతారు. మేము కూడదంటాము. బాప్టిస్టులమైన మనము ఈ మాట అందరికంటె ముందు చెప్పాలి. రోజర్ విలియమ్స్‌ను గూర్చి విన్నాము గదా. మనస్సాక్షిని రాజ్యము బలవంతపెట్టరాదన్నందుకు 1636లో మసాచుసెట్స్ నుండి నడి చలికాలములో వెళ్లిపోవలసి వచ్చిన మనిషి. మంచులో ఆయనకు ఆశ్రయమిచ్చినవారు క్రైస్తవులు కారు, ఆ దేశపు మూలవాసులు. ఏ ప్రార్థనకు రమ్మని వారు షరతు పెట్టలేదు. ఆయన తరువాత ప్రావిడెన్సు ఊరు స్థాపించి, 1638లో అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘమును ఏర్పరచినాడు. అట్టి వంశమువారము గది అద్దెకు ఆత్మను కుదువ పెట్టించుకొంటే ఎట్లు? పిల్లవానిని ప్రార్థనకు పిలువవచ్చును. రాకపోయినను నీళ్ల మోటారు అదే వేళకు వేయాలి.

అద్దె ఎంత తీసుకోవాలి? చుట్టుప్రక్కల నడిచే రేటు తీసుకొనుట పాపము కాదు. ఆ యింటి అప్పు మనకూ ఉన్నది. కాని ఇద్దరు ఉండే గదిలో నలుగురిని నింపి నాలుగు అద్దెలు తీసుకొనుట, మీటరు చూపకుండ కరెంటు బిల్లు చెప్పుట, పోయేటప్పుడు సున్నము పేరు చెప్పి డిపాజిటు మింగుట, చదువు మధ్యలో ఎక్కువ ఇచ్చేవాడు వచ్చినాడని లేవగొట్టుట పాపమే. చివరిది మేము చేసినదే గనుక ధైర్యముగా పేరు పెట్టి చెబుతున్నాము.

మంచి గది ఎట్లుండాలి అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. పరిశుద్ధ గ్రంథములో దానికి చక్కని మాదిరి ఉన్నది. షూనేము ఊరి స్త్రీ తన యింటి మీద ఎలీషాకు ఒక చిన్న గది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచినది (2 రాజులు 4). చదువుకొనే బిడ్డకు ఇంతకంటె ఏమి కావాలి? పండుకొన చోటు, వ్రాసుకొన బల్ల, కూర్చొన పీట, చదువుకొన వెలుగు. ఆమె గదిని చిన్నదిగానే కట్టించినది, కాని మనిషి కొరకు కట్టించినది. మిగిలిన చోటును అతనికి విసరలేదు.

దీనికి ఈ కాలపు సంగతులు కొన్ని చేర్చుకొందాము. గదిని పగలు ఒకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి చూడండి. వీధి దీపము ఉన్నదా, ఆఖరి బస్సు దిగి ఎంత దూరము నడవాలి అనేది రాత్రియే తెలుస్తుంది. మరాఠ్వాడాలో ఎండాకాలము నీళ్లు ఎట్లని తప్పక అడగండి. ఆ మాట యజమానిని కాదు, అక్కడ ఇప్పటికే ఉన్న పిల్లలను అడగండి. కిటికీ తీసి చూడండి, స్నానాల గది గొళ్లెము వేసి చూడండి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 1999లోని 55వ సెక్షను ప్రకారము అద్దె ఒప్పందము వ్రాతమూలకముగా ఉండి రిజిస్టరు కావాలి, ఆ బాధ్యత యజమానిదే. "మనలో మనకు కాగితమెందుకు" అని విశ్వాసులు అంటారు. మనలో మనకే ముందు కావాలి. మాట తప్పినప్పుడు కోర్టుకంటె ముందు సంఘము చీలుతుంది.

మా బిడ్డ సంగతి చెప్పలేదు. మూడవ వారము ఒక గది దొరికినది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మరాఠీ ఆయన యిల్లు. మన మతము కాదు. ఆయన రెండే ప్రశ్నలు అడిగినాడు: ఆఖరి క్లాసు ఎన్ని గంటలకు అయిపోతుంది? జ్వరము వస్తే ఎవరికి ఫోను చేయాలి? తరువాత తానే కాగితము వ్రాయించి తెచ్చినాడు. బిడ్డ చదువు ఆ యింటి నుండే ముగించినది. మంచి సమరయుని కథ మేము ఎన్నోసార్లు ప్రసంగించినాము. ఆ కథలో యాజకుని పక్కన మేము నిలబడి చూసినది అదే మొదటిసారి.

ఆ సంవత్సరమే మేము తాండాకు వెళ్లినాము. పిల్లవాడు పూణేలో పనిలో ఉన్నాడన్నారు. తండ్రి మాకు మంచము వేసి టీ ఇచ్చినాడు. ఫోను కలిపి ఇచ్చినాడు. మేము క్షమించమని అడిగినాము. అతడు కొంచెము ఆగి, "బస్‌స్టాండులోనే ఉన్న సర్. రాత్రి లైట్లు ఉంటయి. ఒక పేపరు పోయింది, మళ్లీ రాసిన" అన్నాడు. లైటు మా దగ్గర ఉన్నదని చెప్పినాము. "ఎవరన్న చదువుకొనే పిల్లగానికి ఇయ్యండి" అన్నాడు. ఒక పేపరు పోయినదంటే పేద విద్యార్థికి ఒక సంవత్సరము పోయినంత పని. ఆ సంవత్సరమును మేము తిరిగి ఇవ్వలేము. పండుగ అద్దె లెక్క కట్టి పంపుతామంటే వద్దన్నాడు.

ఇప్పుడు ఆ గదిలో ఇద్దరు పిల్లలున్నారు. ఒకడు మన సంఘమువాడు, ఒకడు కాడు. అద్దె ఒకటే. కాగితములో ఒక మాట వ్రాయించినాము: నవరాత్రులకైనను దత్త జయంతికైనను చదువు ముగిసేవరకు గది ఖాళీ చేయించము. యింట మొదట కొంత గొణుగుడు వినబడినది. అది మాలోనుండి కూడ వచ్చినది.

పట్టణములలో స్థిరపడిన సంఘములకు ఒక మనవి. నాందేడ్, సంభాజీనగర్, పూణే, హైదరాబాదు, ఎక్కడైనను విశ్వవిద్యాలయము దగ్గర ఇండ్లున్న విశ్వాసుల పేర్లు సంఘ కార్యదర్శి యొద్ద ఒక పుస్తకములో ఉండనివ్వండి. ప్రవేశముల కాలములో ఒక పెద్ద, ఒక స్త్రీల సమాజపు సహోదరి, వచ్చిన పిల్లలతో కలిసి గదులు చూచుటకు వెళ్లండి. ఊరు తెలియని తండ్రి ఒక్కడే వీధులు తిరగకుండ చూడండి. పుస్తకములో పేరు వ్రాయించే యజమాని, పుట్టుక అడగనని ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకొనలేనివారు మంచి సహోదరులే కావచ్చును, కాని వారి గది ఆ పుస్తకములో వద్దు.

అకుల, ప్రిస్కిల్ల రోమా నుండి వెళ్లగొట్టబడి కొరింథులో బ్రతుకుతెరువు వెదుక్కొన్న వలసవారు. అట్టివారి యింటనే పౌలు ఉన్నాడు. తరువాత ఎఫెసులో చదువరియైన అపొల్లోను వారు చేర్చుకొని నేర్పించినారు (అపొస్తలుల కార్యములు 18). తమ ఊరు పోగొట్టుకొన్నవారు మరొకరికి చోటు ఇచ్చినారు. మనము కూడ ఊరు విడిచి వచ్చినవారమే. ఎవరో మనకు మొదటి గది ఇచ్చినారు. ఆ తలుపు తీసిన చేయిని జ్ఞాపకము చేసుకొని, మన యింటి తలుపు దగ్గర నిలిచిన బిడ్డను చూద్దాము. "ఇంట్లో అడిగి చెబుతాను" అనే ముందు, ఈ యింటికి అసలు యజమాని ఎవరో ఆయననే అడుగుదాము.

ప్రభువు మీ ఇండ్లను, మీ బిడ్డల చదువులను దీవించును గాక. ఆమేన్.